ఉండ్రాళ్ళు విచ్చిపోకుండా, తాలికలు ముద్దకట్టకుండా ఉడికించడం ఎలా

పాశంలో వేసిన ఉండ్రాళ్ళు పది నిమిషాలకల్లా విచ్చిపోయి గంజి అయ్యాయంటే చాలామంది మంటను తిట్టుకుంటారు, లేదంటే గంటె పెట్టి తిప్పినవాళ్ళను. నిజానికి ఆ ఉండలు ఎసట్లో పడకముందే చెడ్డాయి. ఉండ పగిలిందంటే లోపం పిండి తడిపిన దగ్గర ఉంది. ఉండలు ఒకదానికొకటి అతుక్కున్నాయంటే మాత్రం అది పొయ్యి దగ్గర, వేసిన మొదటి రెండు నిమిషాల్లో జరిగిన పొరపాటు. రెండూ వేరువేరు జబ్బులు, మందులూ వేరే.

గోధుమ పిండిని చన్నీళ్ళతో కలిపినా సాగుతుంది. అందులోని గ్లూటెన్ వలలా అల్లుకుని పిండిని పట్టి ఉంచుతుంది. బియ్యప్పిండిలో అది లేదు. దానికి పట్టు రావాలంటే పిండి కొంత ఉడకాలి. సుమారు 65 నుంచి 75 డిగ్రీల వేడి తగిలితే పిండి రేణువులు నీళ్ళు తాగి ఉబ్బి జిగురవుతాయి, ఆ జిగురే ఉండను పట్టుకుంటుంది. చన్నీళ్ళతో తడిపిన ఉండ అరచేతిలో ఎంత నున్నగా కనిపించినా, మసిలే నీళ్ళలో పడగానే పైపొర గట్టిపడేలోపే రేణువులు రాలిపోతాయి. జొన్నరొట్టె పిండిని మరిగే నీళ్ళు పోసి కలిపేదీ ఇందుకే, జొన్నలోనూ సాగే గుణం లేదు. రొట్టె చరచడం వచ్చినవాళ్ళకు ఉండ్రాళ్ళ పిండి సగం వచ్చినట్టే.

పిండి ఏది, నీళ్ళు ఎన్ని

అన్నిటికంటే బాగా కుదిరేది తడి పిండి. సంక్రాంతికి సకినాలకు ఆడించుకునే పిండి ఎలా ఉంటుందో అలాంటిదే, వాము, నువ్వులు కలపకముందుది. అర కిలో బియ్యం రెండు మూడుసార్లు కడిగి 5, 6 గంటలు నానబెట్టాలి. నీళ్ళు వంపేసి, నూలు గుడ్డ మీద నీడలో 30 నుంచి 45 నిమిషాలు ఆరబోయాలి. గుప్పిట్లో పట్టి నొక్కితే బియ్యం ముద్దగా నిలవాలి, చేతికి మాత్రం నీళ్ళు అంటకూడదు. అప్పుడు గిర్నికి తీసుకెళ్ళాలి. తడి బియ్యం పట్టే గిర్ని వేరుగా ఉంటుంది, పొడి గింజల గిర్నిలో పోస్తే రాయికి అతుక్కుంటుంది. కొంచెమే కావాలంటే మిక్సీ చాలు, కానీ సన్న జల్లెడతో రెండుసార్లు జల్లించాలి. మిగిలిపోయిన పలుకు ఒక్కటి ఉన్నా ఉండ అక్కడి నుంచే బీటవారుతుంది. ఈ పిండి ఆ రోజుకే మంచిది. ఫ్రిజ్‌లో గట్టి మూత పెడితే ఇంకో రోజు ఆగుతుంది, ఆ తర్వాత పులిసిన వాసన వస్తుంది.

దుకాణంలో దొరికే పొడి పిండితోనూ పని జరుగుతుంది. నీళ్ళ లెక్క మారుతుంది, అంతే.

200 మిల్లీలీటర్ల గ్లాసుతో కొలిస్తే, పొడి పిండి ఒక గ్లాసుకు నీళ్ళు ఒక గ్లాసు, పైన రెండు మూడు చెంచాలు. తడి పిండి ఒక గ్లాసుకు నీళ్ళు ముప్పావు గ్లాసు. రెండిట్లోనూ పావు చెంచా ఉప్పు, ఒక చెంచా నెయ్యి. రవ్వతో చేసే ఉండ్రాళ్ళకు బియ్యపు రవ్వ ఒక గ్లాసు, నీళ్ళు రెండు గ్లాసులు, అరగంట నానిన శనగపప్పు రెండు చెంచాలు. రవ్వ ఉండ్రాళ్ళను మాత్రం నీళ్ళలో వేయకండి, అవి ఆవిరి మీద ఉడికేవి. ఎసట్లో వేస్తే ఏ కిటుకూ వాటిని కాపాడలేదు.

ఈ కొలతలు బియ్యాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. వినాయక చవితి నాటికి ఇంట్లో ఉండేది యాసంగి బియ్యమో, అంతకు ముందు ఏడాదివో. అవి నీళ్ళు ఎక్కువ తాగుతాయి. వానాకాలం వడ్లు కోసి, పట్టించి తెచ్చిన కొత్త బియ్యంతో అయితే నీళ్ళు రెండు చెంచాలు తగ్గించాలి, లేకపోతే పిండి జిగటగా వచ్చి చేతిని వదలదు. తెలంగాణ రేషన్ దుకాణాల్లో 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. అంతకుముందు దొడ్డు బియ్యం పిండికి అలవాటు పడ్డ చేతులు పాత కొలతతోనే నీళ్ళు పోసేయకుండా, రెండు చెంచాల నీళ్ళు పక్కన ఆపి పెట్టుకోవడం మేలు. తక్కువైతే పోయవచ్చు, ఎక్కువైతే తీయలేం.

పిండి ఉడికించడం

అడుగు మందంగా ఉన్న గిన్నెలో నీళ్ళు, ఉప్పు, నెయ్యి వేసి బాగా మసలనివ్వాలి. చిన్న బుడగలు రాగానే పిండి పోసేవాళ్ళున్నారు, ఆగండి, నీళ్ళు ఎగిరెగిరి మసలాలి. మంట తగ్గించి పిండి అంతా ఒకేసారి పోసి, గంటె కాడతో గబగబా కలపాలి. అర నిమిషంలో పిండి నీళ్ళన్నీ తాగేసి గడ్డలుగడ్డలుగా కనిపిస్తుంది. కంగారు పడొద్దు. పొయ్యి ఆర్పి, గట్టిగా మూత పెట్టి, ఏడెనిమిది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయాలి. ఆ ఆవిరిలోనే మిగతా పిండి మగ్గుతుంది. ఈ ఏడెనిమిది నిమిషాలు తొందరపడి తగ్గించుకున్నవాళ్ళ ఉండలే ఎక్కువగా పగులుతాయి.

తర్వాత పళ్ళెంలోకి తీసి, చేతికి తడి చేసుకుంటూ, చెయ్యి కాలనంత వేడి ఉండగానే మూడు నాలుగు నిమిషాలు పిసకాలి. చల్లారాక పిసికితే పిండి మొండికేస్తుంది. అరచేతి మడమతో పళ్ళేనికి రుద్దినట్టు పిసికితే లోపల దాక్కున్న పొడి గడ్డలు బయటపడతాయి. తెల్లటి చుక్కలు కనిపిస్తున్నంతసేపూ పని కాలేదనే అర్థం.

సరిగ్గా వచ్చిందో లేదో చూడడానికి చిటికెడు పిండి తీసి పెన్సిలంత లావు తాలిక చేసి వేలికి చుట్టండి. విరగకుండా చుట్టుకుంటే సరే. అంచున బీటలు వస్తే ఒక్క చెంచా వేడి నీళ్ళు చిలకరించి మళ్ళీ పిసకాలి. చేతికి అంటుకుని జారుతుంటే నీళ్ళు ఎక్కువయ్యాయి. ఇక్కడ అందరూ చేసే పని పొడి పిండి చల్లడం, అదే పెద్ద తప్పు. చల్లిన పిండి పచ్చిగా ఉంటుంది, మొదట చెప్పిన జబ్బు మళ్ళీ తిరిగొస్తుంది. దానికంటే పిండిని గిన్నెలో వేసి సన్నని సెగ మీద ఒకటి రెండు నిమిషాలు కలుపుతూ తిప్పితే అదనపు తడి ఆవిరైపోతుంది, జిగురూ పెరుగుతుంది.

రుచికని పిండిలో బెల్లం కలిపే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. ఒక చెంచా వరకు ఫరవాలేదు. అంతకు మించితే బెల్లం నీళ్ళను తనవైపు లాక్కుని పిండిని ఉడకనివ్వదు, ఉండ మధ్యలో పచ్చి పలుకు మిగులుతుంది.

ఉండలు, తాలికలు

ఒక గ్లాసు పొడి పిండితో గోలీకాయంత ఉండలు అరవై దాకా వస్తాయి. అన్నీ ఒకే సైజులో ఉండాలి. అందం కోసం కాదు, పెద్దది ఉడికేలోపు చిన్నది విచ్చిపోతుంది కాబట్టి. తాలికలు రెండంగుళాల పొడవు, పెన్సిల్‌లో సగం లావు చాలు. కొసలను మరీ సన్నగా తోకల్లా లాగొద్దు, ఉడికేటప్పుడు ముందు తెగేవి అవే.

ఇంకో సంగతి: ఉండలు చేసేటప్పుడు ఫ్యాను ఆపేయండి. బియ్యప్పిండి పైపొర ఐదు నిమిషాల్లో ఆరిపోతుంది, ఆరిన పొర నీళ్ళలో పడగానే పగుళ్ళిస్తుంది. తీసుకున్న ముద్ద తప్ప మిగతా పిండి మీదా, చేసిపెట్టిన ఉండల మీదా తడిపి పిండిన గుడ్డ కప్పి ఉంచాలి. పళ్ళేనికి నెయ్యి రాసి ఒకే వరుసలో పరచాలి. పిండి చల్లిన పళ్ళెం కంటే నెయ్యి రాసిన పళ్ళెం నయం, ఆ చల్లిన పిండంతా తర్వాత ఎసట్లోకే దిగి దాన్ని చిక్కబరుస్తుంది.

ఎసరు దగ్గర

అరవై ఉండలకు రెండు లీటర్ల నీళ్ళు, వెడల్పాటి గంజు. ఇరుకు గిన్నెలో ఉండలు ఒకదాని మీద ఒకటి పడి, మెత్తబడ్డ పైపొరలు తాకి అతుక్కుంటాయి. నీళ్ళలో అర చెంచా ఉప్పు వేయండి. నూనె వేస్తే అతుక్కోవని ఒక నమ్మకం ఉంది, దాన్ని పక్కన పెట్టవచ్చు. నూనె పైన తేలుతుంది, ఉండలు కింద ఉంటాయి, రెంటికీ భేటీ కుదరదు. నెయ్యి పని చేసేది పిండిలో, ఆ తర్వాత వడకట్టాక.

నీళ్ళు బాగా మసులుతుంటే గంటెతో ఒకసారి గుండ్రంగా తిప్పి, ఆ సుడిలో పది పన్నెండు ఉండలు ఒక్కొక్కటిగా, ఒకే చోట పడకుండా వేయాలి. నీళ్ళు మళ్ళీ మసలడం మొదలయ్యాకే తర్వాతి వాయి. ఈ ఆగడం ముఖ్యం. అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే నీళ్ళ వేడి పడిపోతుంది. పైపొర గట్టిపడకుండా బంకలా నానుతూ ఉంటుంది, పక్కన ఏది ఉంటే దాన్ని పట్టుకుంటుంది.

అర నిమిషం తర్వాత గంటె వెనక వైపుతో గంజు అడుగును ఒకసారి నెమ్మదిగా గీకినట్టు తోయాలి, ఉండల్ని కాదు. తాలికలైతే రెండు నిమిషాలు అసలే ముట్టుకోవద్దు, అంతగా అయితే గుడ్డతో గంజు చెవులు పట్టుకుని కుదిపితే చాలు. అన్నీ వేశాక మంట మధ్యస్థంగా పెట్టాలి. నీళ్ళు కదులుతూ ఉండాలి కానీ ఉండల్ని ఎత్తి కుదేయకూడదు. మూత పెట్టొద్దు, గంజి నురగ పొంగి పొయ్యి మీద పడుతుంది, లోపలి మసులూ పెరుగుతుంది.

గోలీకాయంత ఉండకు ఐదు నుంచి ఏడు నిమిషాలు, తాలికలకు మూడు నాలుగు నిమిషాలు. ఉడికినవి ఉబ్బి పైకి తేలతాయి. తేలగానే తీసేయొద్దు, ఇంకో రెండు నిమిషాలు ఉంచాలి. ఒకటి తీసి చాకుతో కోస్తే లోపల బయటా ఒకే రంగు ఉండాలి. నడుమ సుద్దముక్కలాంటి చుక్క ఉంటే ఇంకా టైము ఉంది. తీసేటప్పుడు జాలి గంటెతో కొన్ని కొన్నిగా తీయాలి, చిల్లుల గిన్నెలోకి ఒక్కసారి వంచితే పైవాటి బరువుకు కిందివి నలుగుతాయి. నెయ్యి రాసిన పళ్ళెంలో పరిచి, పైన ఒక చెంచా నెయ్యి వేసి పళ్ళేన్ని ఊపాలి.

మొత్తం వేసే ముందు ఒక్క ఉండ వేసి రెండు నిమిషాలు చూడడం మర్చిపోవద్దు. అది నిలిస్తే అన్నీ నిలుస్తాయి. అది విచ్చిపోతే పిండిని మళ్ళీ సెగ మీద పెట్టుకునే అవకాశం ఇంకా చేతిలో ఉన్నట్టే.

పాలు, బెల్లం

పాలల్లోనే నేరుగా ఉడికించడం పాత పద్ధతి. రుచికి అదే మేలు, కానీ అడుగంటే భయం ఎక్కువ. అర లీటరు పాలకు అర లీటరు నీళ్ళు కలిపి అందులో వేయాలి. కొత్తగా చేసేవాళ్ళు ఉండల్ని నీళ్ళలో ముప్పావు వంతు ఉడికించి, తర్వాత పాలలోకి మార్చి ఐదు నిమిషాలు ఉంచడం మంచిది. ఉండలు ఉడికిన గంజినీళ్ళు పారబోయొద్దు, వాటిలో ఒక గ్లాసు తీసి పాలలో పోస్తే పాశం చిక్కబడుతుంది. ఇంకా పలచగా ఉందనిపిస్తే ఒక చెంచా బియ్యప్పిండి పావు గ్లాసు చన్నీళ్ళలో కలిపి పోసి మూడు నిమిషాలు ఉడికించాలి.

బెల్లం ఎప్పుడు వేయాలన్నదాని మీద ఇళ్ళల్లో వాదన ఉంటుంది, కానీ అందులో వాదించడానికి ఏమీ లేదు. ఉండలు పూర్తిగా ఉడికాకే. ముందే వేస్తే రెండు నష్టాలు: బెల్లం నీళ్ళలో పిండి ఉడకదు, ఉండలు రాళ్ళలా మిగులుతాయి. బెల్లంలోని పులుపు గుణానికి మరిగే పాలు విరుగుతాయి. ఒక గ్లాసు బెల్లాన్ని పావు గ్లాసు నీళ్ళలో కరిగించి, ఇసుక, చెత్త పోయేలా వడకట్టి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. పాశం దించి పది నిమిషాలయ్యాక అందులో పోసి కలపాలి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి మరిగించొద్దు. పాలు లేని బెల్లం పాశమైతే విరగడం అన్న బాధ లేదు, కానీ ఉండల్ని వేరే నీళ్ళలో ఉడికించాకే బెల్లం నీళ్ళలో వేయాలన్న మాట మారదు.

కుడుములు

ఆవిరి మీద ఉడికే కుడుముల్లో పగుళ్ళకు ఎక్కువ కారణం లోపలి పూర్ణం. శనగపప్పు పూర్ణం తడిగా ఉంటే ఆ తడి ఆవిరై బయటికి దారి వెతుక్కుంటుంది, అంచు చీలుతుంది. గ్లాసు పప్పుకు గ్లాసు బెల్లం. పప్పు వేళ్ళతో నొక్కితే నలగాలి కానీ జావగా ఉడకకూడదు. నీళ్ళు పూర్తిగా వంపేసి బెల్లం కలిపి, గంటె నిలబడేంత గట్టిగా దగ్గరపడేదాకా తిప్పాలి. పూర్తిగా చల్లారాకే నింపాలి. 20 గ్రాముల పిండికి 10, 12 గ్రాముల పూర్ణం మించితే పైపొర పలచబడి చిరుగుతుంది.

బొబ్బెర కుడుములకు ఈ తలనొప్పి లేదు. నానబెట్టిన బొబ్బెర్లు ఉప్పు వేసి పగలకుండా ఉడికించి, నీళ్ళు వడకట్టి, ఉడికిన పిండిలో కలిపి బిళ్ళల్లా ఒత్తుకోవాలి.

ఆవిరికి ఇడ్లీ గిన్నె చాలు. పళ్ళేలకు నెయ్యి, లేదంటే అడుగున కడిగిన మోదుగ ఆకు. నీళ్ళు మసిలాక పెట్టి 12 నుంచి 15 నిమిషాలు. మూత లోపల చేరిన నీళ్ళు కుడుముల మీద కారి పైపొరను జిగటగా చేస్తాయి, అందుకే మూతకు పొడి గుడ్డ కట్టాలి. దించగానే తీస్తే అడుగు ఊడిపోతుంది. మూత తీసి ఐదు నిమిషాలు ఆగాక చెంచా అంచుకు తడి చేసి తీయాలి.

మోమోలను నీళ్ళలో వేస్తే

హనుమకొండలోనూ కరీంనగర్‌లోనూ మోమోల బండ్లు వచ్చాక వాటిని ఇంట్లో చేసేవాళ్ళూ పెరిగారు. వీటి పిండి మైదా, కాబట్టి లెక్క తిరగబడుతుంది. ఇక్కడ పిండి కలపడానికి మరిగే నీళ్ళతో పని లేదు. 250 గ్రాముల మైదాకు 120 నుంచి 125 మిల్లీలీటర్ల చన్నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా పిసికి అరగంట కప్పి ఉంచాలి. మూడంగుళాల బిళ్ళలు, అంచు పలచగా, నడుమ కాస్త మందంగా ఒత్తాలి. లోపలి కూరకు వాడే క్యాబేజీకి ఉప్పు పట్టించి పది నిమిషాలయ్యాక గుడ్డలో వేసి నీళ్ళు పిండేయాలి. అంచు మీద నూనె గానీ కూర గానీ పడితే అది అతకదు.

నీళ్ళలో ఉడికించేటప్పుడు బియ్యపు ఉండలకు భిన్నంగా, వీటిని వేసిన వెంటనే గంటె వెనక వైపుతో ఒకసారి కదిపి తీరాలి. ఇవి నేరుగా మునిగి అడుగును పట్టుకుంటాయి. 15 మోమోలకు మూడు లీటర్ల నీళ్ళు. చైనాలో ఇలాంటివి ఉడికించేటప్పుడు వాడే కిటుకు ఇక్కడా పనికొస్తుంది: నీళ్ళు ఎగిరి మసలగానే అర గ్లాసు చన్నీళ్ళు పోయడం, మళ్ళీ మసిలాక మళ్ళీ పోయడం, ఇలా మూడుసార్లు. లోపలి కూర ఉడికేలోపు పైపొర చితికిపోకుండా ఇది మసులును అదుపులో పెడుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసినవాటిని కరగనివ్వకుండా గట్టిగానే వేయాలి. కరిగితే అడుగు తడిసి పళ్ళేనికి అతుక్కుని చిరుగుతుంది. కూరగాయలవైతే మళ్ళీ మసలడం మొదలయ్యాక ఆరేడు నిమిషాలు, కోడి కీమావైతే ఎనిమిది నుంచి పది. కీమావి ఒకటి కోసి, ఎక్కడా గులాబీ రంగు లేదని చూసుకున్నాకే దించాలి.

చెడిపోతుంటే

ఉండలు విచ్చిపోతున్నాయని సగంలో కనిపెడితే, ఇంకా వేయని వాటిని ఇడ్లీ గిన్నెలో ఐదారు నిమిషాలు ఆవిరి పట్టి, పైపొర మెరుస్తూ గట్టిపడ్డాక పాశంలో వేయండి. ఇక విచ్చిపోవు. విచ్చిపోయినవాటిని తీసే ప్రయత్నం చేయొద్దు, పాశాన్ని చిక్కబరచడానికి అవే పనికొస్తాయి.

ముద్దగా అతుక్కున్నవాటిని వేడిగా ఉన్నప్పుడు పీకితే తోలు ఊడినట్టు ఊడతాయి. జాలి గంటెతో ఆ ముద్దను ఎత్తి చన్నీళ్ళలో ఒక నిమిషం ముంచి, నీళ్ళలోనే వేళ్ళతో విడదీయాలి.

మర్నాటికి మిగిలిన ఉండ్రాళ్ళు ఫ్రిజ్‌లో గట్టిపడతాయి, ఉడికిన బియ్యప్పిండి చల్లారితే అంతే. బెల్లం పాశమైతే కొంచెం వేడి నీళ్ళు పోసి సన్నని సెగ మీద వేడెక్కించాలి. పాల పాశమైతే గిన్నెను వేడి నీళ్ళ గంజులో దించి, కాచి గోరువెచ్చగా చేసిన పాలు కొన్ని కలపాలి. నేరుగా మంట మీద పెడితే విరుగుతుంది. పావు గంటలో ఉండలు మళ్ళీ మెత్తబడతాయి.